మత్తడి దుంకిన రాత్రి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, డి.ఎ. బకాయిల గురించి రాయాలా, ఆరోగ్య కార్డుల గురించి రాయాలా అని ఆలోచించాను. ఆ రెండింటి మీదా నాకంటే బాగా రాసేవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందుకని ఎవరూ అడగని విషయం ఒకటి ఎంచుకున్నాను. అది మన మాటల చరిత్ర. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. 1970లో రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2006లో డిప్యూటీ తహశీల్దారుగా రిటైరైన ఇబ్రహీంపట్నం వాణ్ణి. మా నాయనకు చెరువు కింద ఎకరంన్నర తరి, పైన కొంత ఖుష్కీ ఉండేవి. ఈ వ్యాసంలో ఒక పాత తప్పు ఒప్పుకోవలసిన పని కూడా ఉంది. అది మధ్యలో వస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా డ్రాఫ్టులు చూసే సూపరింటెండెంటుగారికి ఎర్రసిరా పెన్ను ఉండేది. నేను ‘ఈ కింది భూములు’ అని రాస్తే, ‘కింది’ దగ్గర ఒక రావత్తు గీసి ‘క్రింది’ అని దిద్దేవారు. ‘కొత్త’ను ‘క్రొత్త’ చేసేవారు. ‘బతుకు’ను ‘బ్రతుకు’ చేసేవారు. “ఇంట్లో మాట్లాడినట్టు ఫైల్లో రాయకూడదయ్యా” అనేవారు. ఆయన మంచివారు, నాకు పని నేర్పినవారు. రెండేళ్ళలో నేనూ అదే ఎర్రసిరా మనిషినైపోయాను. మా అమ్మ ‘పొద్దుగూకింది’ అంటే కూడా మనసులో రావత్తు పెట్టుకునేవాణ్ణి.

ఇక ఆ రాత్రి సంగతి. 1975 వానాకాలం. నేనప్పుడు పనిచేస్తున్న తాలూకా పేరు చెప్పను. మనది మాత్రం కాదు. మూడు రోజులుగా ముసురు. సాయంత్రం ఆరు గంటలకు ఒక ఊరి నీరటి తడిసి ముద్దై ఆఫీసుకొచ్చాడు. చెరువు నీళ్ళు చూసుకునేవాడు, తూము తీసేవాడు, మూసేవాడు నీరటి అని మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. మన మనవళ్ళ కోసం రాస్తున్నాను. వచ్చినవాడు ఒకే ముక్క చెప్పాడు. “సార్, సెరువు మత్తడి దుంకింది.”

నాకు ఆ మాట తెలియక కాదు. చెరువు నిండితే మిగులు నీళ్ళు పోవడానికి కట్ట చివర రాతితో కట్టిన చోటే మత్తడి. దాన్నే అలుగు అని కూడా అంటాం. మత్తడి దుంకిందంటే చెరువు నిండిందని, రెండు పంటలకు నీళ్ళున్నాయని; అది శుభవార్త. ఊళ్ళో ఆడవాళ్ళు పసుపు కుంకుమలు పట్టుకొని పోయే సందర్భం. కానీ ‘దుంకింది’ అని ఫైల్లో ఎలా రాస్తాం? కాగితం తీసుకొని, నాకు వచ్చిన మంచి తెలుగులో, ‘చెరువు నీరు కట్టపై నుండి పొర్లిపోవుచున్నదని నీరటి తెలిపినాడు’ అని రాసి పై అధికారి బల్ల మీద పెట్టి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాను.

ఆ అధికారి వేరే ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవారు. కట్ట మీదుగా నీళ్ళు పొర్లుతున్నాయంటే కట్ట తెగబోతోందని అర్థం. కాగితం చదివినవారు ఎవరైనా అదే అనుకుంటారు, ఆయన తప్పేమీ లేదు. రాత్రి పదింటికి జీపులు వెళ్ళాయి. చెరువు కింది ఊరిని ఖాళీ చేయించారు. ముసలివాళ్ళు, బాలింతలు, పసిపిల్లలు వానలో తడుస్తూ మిట్ట మీది బడికి చేరారు. చీకట్లో తాళ్ళు తెంపుకొని పోయిన గొడ్లు కొన్ని మళ్ళీ దొరకలేదు. తెల్లవారి చూస్తే కట్ట చెక్కుచెదరలేదు. మత్తడి మీద నీళ్ళు చక్కగా దుంకుతున్నాయి.

తప్పుడు కబురు తెచ్చాడని నీరటి మీద విచారణ పెట్టారు. “నేను మత్తడి దుంకింది అన్న సార్, కట్ట తెగింది అన్లే” అని అతను ఎన్నిసార్లు చెప్పినా కాగితంలో ఉన్నది వేరు. కాగితమే గెలిచింది. రెండు నెలల జీతం ఆపారు. ఆ జీతం ఎంత చిన్నదో మీకు తెలుసు. విచారణ జరిగిన గదిలో గోడవారగా నేను నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. కొత్త ఉద్యోగం, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

రిటైరయ్యాక చేతిలో కాలం మిగిలింది. మా పెద్ద మనవరాలు కాలేజీలో భాషాశాస్త్రం ఒక పేపరుగా తీసుకొని, ఒకనాడు భోజనాల దగ్గర, “తాతా, పొద్దు అన్నది ప్రొద్దుకు చెడిపోయిన రూపం కాదు, తర్వాతి మెట్టు” అంది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఆరేళ్ళ ఎర్రసిరా అంతా తప్పేనా అని, ఆ పిల్ల పుస్తకాలతోనే చదవడం మొదలుపెట్టాను.

అర్థమైనంతవరకు చెప్తాను. తమిళం అన్న మాటను తమిళులు పలికేటప్పుడు, చివరలో ళకీ రకీ మధ్యన నాలుక మడిచి ఒక శబ్దం తీస్తారు, గమనించారా? ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషలో ఆ శబ్దం ఉండేది. తమిళులు దాన్ని నిలుపుకున్నారు. మన దగ్గర చాలా మాటల్లో అది డ అయింది. వాళ్ళ ‘కోళి’ మన కోడి. వాళ్ళ ‘ఏళు’ మన ఏడు. కొన్ని మాటల్లో మాత్రం ఒక చిత్రం జరిగింది. మాట నడుమ ఉండవలసిన శబ్దం ముందుకు దూకి మొదటి హల్లును అంటుకుంది. ‘పొళుదు’ అన్నది ప్రొద్దు అయింది. ‘కీళ్’ అన్నది క్రింద అయింది. ‘విళుంగు’ అన్నది మ్రింగు అయింది. అలా వచ్చి చేరినదే మన రావత్తు. తర్వాత కొన్ని శతాబ్దాలకు నాలుక దాన్నీ వదిలేసింది. పొద్దు, కింద, మింగు మిగిలాయి. అంటే మా సూపరింటెండెంటుగారు కాపాడిన రావత్తు మొదటి నుంచీ ఉన్న సొత్తు కాదు. అదీ నడుమ వచ్చిన చుట్టమే!

ఇంట్లో రోలు కూడా ఇలా పుట్టినదే. తమిళులు ‘ఉరల్’ అంటారు. మనవాళ్ళు ముందున్న అచ్చును వెనక్కి నెట్టి రోలు అన్నారు. వాళ్ళ ‘ఇరండు’ మన రెండు. ఈ దూకుడు తెలుగులోనే కాదు, మన అడవి జిల్లాల గోండి, కువి, కొండ వంటి భాషల్లోనూ ఉంది. అందుకే శాస్త్రజ్ఞులు తెలుగును వాటితో ఒక గుంపుగా కడతారు. ఆ లెక్కన తమిళ కన్నడాల కంటే గోండి మనకు దగ్గరి చుట్టం. ఈ ముక్క తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. మన శాఖలో గోండులతో మాట్లాడాల్సి వస్తే ‘వాళ్ళ భాష’ అని విసుక్కునేవాళ్ళం కదా.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని మొదట అచ్చులో నిరూపించినవాడు మన శాఖవాడే కావడం ఇంకో విశేషం. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో క్యాంప్‌బెల్ దొర అచ్చు వేసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఆయన ఈ విషయం రాశాడు. అప్పటికి కలకత్తాలోని విలియం కేరీ వంటివారు భారతీయ భాషలన్నీ సంస్కృతం బిడ్డలే అంటున్నారు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం 1856లో గానీ రాలేదు. అయితే ఎల్లిస్ ఈ పని ఒంటరిగా చేయలేదు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో పండితుడైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక ఆయన చేతిలో ఉంది. ఎల్లిస్ తన రాతలో ఆ పేరు దాచలేదు. చెప్పినవాడి పేరు కాగితం మీద ఉంచిన అధికారి అని నాకు ఆయన మీద గౌరవం. నేను ఎవరితో పోల్చుకుంటున్నానో మీకు తెలిసే ఉంటుంది.

మన ఊరి పేరులోనూ చరిత్ర ఉంది. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మీద వెలసిన ఊరు ఇది. మన పెద్దచెరువూ ఆయన కాలం నాటిదనే చెప్పుకుంటాం. గద్దెకు రాకముందు ఆయన ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు రుచి అక్కడ మరిగాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. సంస్కృత పదం తగలకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం అది. మన కవులు ఈ సుల్తానును ‘మల్కిభరాముడు’ అన్నారు. మలిక్ ఇబ్రహీం అన్న పేరు తెలుగు నోట్లో తిరిగి తిరిగి, లోపలెక్కడో రాముణ్ణి కూర్చోబెట్టుకొని బయటికి వచ్చింది. దీన్ని ఎవరూ ఎర్రసిరాతో దిద్దలేదు. దిద్దితే అంత అందమైన మాట మనకు మిగిలేది కాదు.

ఇంకా వెనక్కి వెళితే కీసరగుట్ట. 2016లో జిల్లాలు విడిపోయేదాకా అదీ మన రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది. విష్ణుకుండినుల కాలం నాటిదని చరిత్రకారులు చెప్పే ‘తొలుచువాన్ఱు’ అన్న ఒక్క మాట అక్కడి బండ మీద ఉంది. రాయి తొలిచేవాళ్ళు అని అర్థం. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు మాటల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. అది రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, పనివాళ్ళ పేరు.

పనివాళ్ళ మాటలు అంటే గుర్తుకు రావలసిన పెద్దమనిషి భద్రిరాజు కృష్ణమూర్తిగారు. 1928లో ఒంగోలులో పుట్టారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1961లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసింది. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను 1962లో నిలబెట్టారు. 1986 నుంచి 1993 వరకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 2003లో ద్రావిడ భాషల మీద కేంబ్రిడ్జి వారు వేసిన ఆయన పుస్తకం ప్రపంచమంతటా ప్రామాణికం. నేను పైన చెప్పిన రావత్తు కథలో, ఆ శబ్దం అన్ని మాటల్లో ఒకేసారి ముందుకు దూకలేదని, ఒక్కో మాటగా కొన్ని వందల ఏళ్ళపాటు పాకిందని 1978లో అమెరికా భాషాశాస్త్ర పత్రికలో నిరూపించిందీ ఆయనే. 2012లో హైదరాబాదులో పోయారు.

ఇవన్నీ గొప్ప పనులే. కానీ నన్ను కూలదోసింది వేరే పుస్తకం. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, తెలుగు జిల్లాల్లో వృత్తులవాళ్ళు వాడే మాటలను ఏరించి పుస్తకాలుగా వేయడం తలపెట్టింది. దాని పేరు మాండలిక వృత్తిపదకోశం. మొదటి సంపుటం వ్యవసాయం. కృష్ణమూర్తిగారు సంపాదకులు. 1962లో వచ్చింది. చేనేత సంపుటం కూడా ఆయన సంపాదకత్వంలోనే 1971లో వచ్చింది. తర్వాత మరికొన్ని వృత్తుల సంపుటాలూ వచ్చాయి.

ఆ పనిలో ఉన్న పద్ధతి చూడండి. మనం సర్వే చేస్తే భూమిని కొలుస్తాం. వాళ్ళు మాటను కొలిచారు. ఊరూరికీ మనుషులను పంపి, అచ్చు పుస్తకం ముట్టని రైతు దగ్గర కూర్చుని, ‘దీన్నేమంటారు?’ అని అడిగి, అతను పలికింది పలికినట్టే రాసుకున్నారు. దిద్దడం అక్కడ నేరం. అలా కూడిన మాటలను బట్టి కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మండలాలు చేశారు. కళింగాంధ్ర ఒకటి, కోస్తా నడిమి జిల్లాలు ఒకటి, రాయలసీమ ఒకటి, తెలంగాణ ఒకటి. మళ్ళకు మధ్య మట్టిగట్టును మనం ఒడ్డు అంటాం, ఒరం అంటాం. సీమవాళ్ళు గెనిమ అంటారు. కోస్తావాళ్ళకు అది గట్టు. మనం నాట్లు వేస్తాం, కోస్తాలో ఊడుస్తారు. మనది కైకిలి, వాళ్ళది కూలి. మనం పల్లికాయ అన్నది అక్కడ వేరుశనగ, ఇంకో చోట బుడ్డలు. ఇందులో ఒప్పు ఏది, తప్పు ఏది? ఎవరి చేనులో వాళ్ళ మాట ఒప్పు.

ఆ మొదటి సంపుటం నేను 2009లో నగరంలో ఒక గ్రంథాలయంలో చూశాను. అట్ట ఊడింది, కాగితం పచ్చబడింది. అచ్చయిన సంవత్సరం దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పుస్తకం 1962లో వచ్చింది. నేను ఆ కాగితం రాసింది 1975లో. రైతు మాటను యథాతథంగా రాయాలని, దానికి విలువ ఉందని చెప్పే పుస్తకం పదమూడేళ్ళుగా మన రాష్ట్రంలోనే ఉంది. వేలకొద్దీ సర్క్యులర్లు ఉన్న మా బీరువాలో అది మాత్రం లేదు. ఒకవేళ ఉన్నా నేను తెరిచేవాణ్ణని చెప్పలేను.

ఇప్పుడు ఈ శాస్త్రం ఎంతదూరం పోయిందో మనవరాలు చెప్తుంటే వింటున్నాను. 2018లో విష్ణుప్రియ కొలిపాకం అనే ఆవిడ, మరికొందరు విదేశీ పరిశోధకులు కలిసి, ఇరవై ద్రావిడ భాషల నుంచి వందేసి మాటలు తీసుకొని, జీవశాస్త్రవేత్తలు ప్రాణుల వంశవృక్షాలు గీసే లెక్కలతో భాషలకూ వంశవృక్షం గీశారు. ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళని తేల్చారు. మూడు వేల నుంచి ఆరున్నర వేల మధ్య ఎంతైనా కావచ్చునని కూడా చెప్పారు. ఆవిడ పనిచేసే చోటు దెహ్రాదూన్‌లోని వన్యప్రాణి సంస్థ అని వింటే నాకు ముచ్చటేసింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు జనం మాట్లాడే తెలుగును రకరకాల యాసలతో సహా కంప్యూటర్ల కోసం రికార్డు చేయించారు. మా రోజుల్లో యాసను దాచుకునేవాళ్ళం. ఇప్పుడు అడిగి మరీ తీసుకుంటున్నారు.

అయితే నాకొక అనుమానం ఉంది, పెద్దవాడిగా చెప్తున్నాను. అటువంటి లెక్కలకు తీసుకునే మాటలు నీరు, రాయి, కన్ను, చెయ్యి వంటివి. అవి అంత తొందరగా పోవు గనుకనే వాటిని తీసుకుంటారు. మోట పోయింది, మోటతో పాటు బొక్కెన, తొండం పోయాయి. కర్రు, మేడి, కాడి ట్రాక్టరు కింద పడ్డాయి. చెరువు శిఖంలో ప్లాట్లు లేచినచోట తూము అన్న మాట ఎవరికి కావాలి? పుస్తకంలోకి ఎక్కినవి ఎక్కాయి. ఎక్కనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. అవి మన వయసు వాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. మనం ఏటా నవంబరులో బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తాం. ఆ మాటలకు అలాంటి పత్రం ఇచ్చేవాళ్ళు లేరు.

పోయిన సంవత్సరం ధైర్యం చేసి ఆ ఊరికి వెళ్ళాను. నీరటి చనిపోయి చాలా ఏళ్ళయింది. కొడుకు ఉన్నాడు, అరవై దాటాయి, పాలు పోస్తాడు. చాయ్ తెప్పించాడు. నేను ఎవరినో, ఆ రాత్రి కాగితం రాసింది ఎవరో చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“మా నాయిన సచ్చేదాక గదే చెప్పిండు సార్. దుంకింది అన్న, తెగింది అన్లే అని. ఇంట్ల మేం గూడ నమ్మకపోతిమి. ముసలాయినకు యాది తప్పింది అనుకుంటిమి.”

నా దగ్గర జవాబు లేదు. రెండు నెలల జీతం ఈనాటి లెక్కన కవర్లో పెట్టి తీసుకెళ్ళాను. అతను తీసుకోలేదు. “గది గాదు సార్, మా నాయిన చెప్పింది ఖరారే అని ఊర్ల నలుగురి ముందట చెప్పుండ్రి” అన్నాడు. గ్రామపంచాయతీ దగ్గర చెట్టు కింద కూర్చున్న వాళ్ళతో చెప్పాను. ఒకరిద్దరికి ఆ రాత్రి గుర్తుంది. బడిలో తడిసిన గోనెసంచి కప్పుకొని పడుకున్న ఒకాయన నన్ను నాలుగు మాటలు అన్నాడు కూడా. అనవలసినవే.

ఆ తర్వాత అతను నన్ను కట్ట మీదికి తీసుకుపోయాడు. చెరువు సగం ఉంది. మత్తడి పొడిగా ఉంది, రాళ్ళ మధ్య గడ్డి మొలిచింది. నేను నోటుబుక్కు తీశాను. తూము ఎన్ని రకాలుగా తీస్తారు, ఏ కంత ముందు తీస్తారు, నీళ్ళు తక్కువైన ఏడు వంతులు ఎట్లా పెడతారు, ఆ వంతును ఏమంటారు అని అడిగాను. వాళ్ళ నాయన వాడిన మాటలు తలుచుకుంటూ ఒక్కొక్కటీ చెప్పాడు. కొన్నిటి దగ్గర ఆగి, కళ్ళు మూసుకొని గుర్తు చేసుకున్నాడు. ఒక మాట నాకు సరిగా వినపడక వేరేగా రాసుకుంటుంటే వంగి చూసి, “అట్ల గాదు సార్” అన్నాడు. కొట్టేసి, అతను పలికినట్టే రాశాను. చీకటి పడేసరికి ఇరవై మూడు మాటలయ్యాయి. నోటుబుక్కు పై పేజీలో వాళ్ళ నాయన పేరు రాయించుకొని, చివరి బస్సుకు ఇబ్రహీంపట్నం వచ్చాను.